గంజి గేదెకు, గోలీ మనకు

మా మేనత్త ఇల్లు భద్రాచలం చివర, గేదెల కొట్టం ఎటపాక దారిలో. దూరం పెద్దగా లేదు. కానీ 2014లో ఏడు మండలాలను అటు కలిపిన పుణ్యాన ఇల్లు తెలంగాణలో ఉండిపోయింది, కొట్టం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఆవిడ రోజుకు రెండు పూటలా కుడితి బకెట్టు చేత పట్టుకుని రాష్ట్ర సరిహద్దు దాటుతోంది. ధాన్యం లారీని ఆపుతారు, కలప బండిని ఆపుతారు, ఇసుక ట్రాక్టరును ఆపుతారు. కుడితి బకెట్టును ఆపిన అధికారి ఇంకా పుట్టలేదు. అందువల్ల తెలంగాణ బియ్యంలోని బీ విటమిన్లు ఏ వేబిల్లూ లేకుండా పదేళ్ళకు పైగా ఆంధ్రా గేదెల కడుపుల్లోకి తరలిపోతున్నాయి.

నవ్వుకోండి గానీ, ఒకసారి ఆ బకెట్టులోకి తొంగి చూడండి. బియ్యం మూడుసార్లు కడిగిన నీళ్ళు. ఎసరు పొంగాక వార్చిన గంజి. పైన రెండు గుప్పిళ్ళ తవుడు. వడ్లగింజలో బీ1, దాని తోబుట్టువుల కాపురం చాలావరకు పైపొరలోనూ మొలకముక్కులోనూ. మర పట్టినప్పుడు ఆ పొర తవుడైపోతుంది. ఇంకా ఏమైనా అంటిపెట్టుకుని ఉంటే కడుగు నీళ్ళలో కొంత, గంజిలో కొంత కరిగిపోతుంది. ఇంత జరిగాక కంచంలోకి వచ్చేది మల్లెపువ్వులాంటి అన్నం. మల్లెపువ్వులో ఎంత బలం ఉంటుందో ఇందులోనూ ఇంచుమించు అంతే బీ1.

గేదె తాగేసి తృప్తిగా మూతి నాక్కుంటుంది. మా అత్త ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఫ్యాను కింద కూర్చుని, అలమర మీది ప్లాస్టిక్ డబ్బా దించుతుంది. ఆవిడ అసలు భోజనం అక్కడ మొదలవుతుంది.

"ఏందత్తా, ఇన్ని గోలీలా?"

"బలానికిరా అబ్బాయ్. అరికాళ్ళల్లో చీమలు పాకినట్టు ఉంటది. కాలి చెప్పు జారిపోయినా తెల్వట్లేదు."

డబ్బాలో ఏమున్నాయో చెప్తాను. షుగరుకు మెట్‌ఫార్మిన్, ఏళ్ళ తరబడి వేసుకుంటున్నది. ఆరెంపీ డాక్టరు ఇచ్చిన ఎర్ర బీకాంప్లెక్సు, అందులో బీ6 మూడు మిల్లీగ్రాములు. మందుల షాపాయన తనంతట తాను ఇచ్చిన నరాల క్యాప్సూలు, అందులో బీ12 పదిహేను వందల మైక్రోగ్రాములు, బీ6 పది మిల్లీగ్రాములు. 'రక్తం పట్టడానికి' ఐదు మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్. ఇక అన్నిటికంటే ఎత్తులో, మూత తీయడమే ఒక విద్య అన్నట్టున్న అమెరికా సీసా. న్యూజెర్సీలో ఉన్న మా బావ పంపింది. పేరు బీ-100. ఇవి కాక నెలకోసారి ఎర్రటి సూది.

ఆ సీసా మీది అక్షరాలు చదవడానికి నాకు కళ్ళద్దాలతో పాటు సెల్‌ఫోన్ లైటు కూడా కావలసి వచ్చింది. చదివాక అమెరికావాడి సమానత్వ భావనకు చేతులెత్తి మొక్కాలనిపించింది. బీ1 వంద మిల్లీగ్రాములు. బీ2 వంద. బీ3 వంద. బీ6 వంద. బీ12కు మాత్రం మిల్లీగ్రాములు కాదు గానీ మైక్రోగ్రాములైనా సరే వందే ఉండాలన్న పట్టుదల. మనిషికి రోజుకు బీ1 ఒకటిన్నర మిల్లీగ్రాములకు అటూ ఇటూ చాలు, బీ6 రెండు మిల్లీగ్రాములకు అటూ ఇటూ చాలు, బీ3 పదిహేనూ పదహారూ కావాలి. ఒంటికి కావలసిన కొలతలు వేరువేరు. సీసాకు కావలసింది గుండ్రటి అంకె. ఇంట్లో చంటిపిల్లకూ, పహిల్వానుకూ, పచ్చి బాలింతకూ తలా వంద ఇడ్లీలు వడ్డించి 'మా ఇంట్లో పక్షపాతం లేదు' అని చెప్పుకునే గృహిణిని మీరేమంటారు? ఆ సీసాను మాత్రం 'బ్యాలెన్స్‌డ్' అంటారు.

"ఎక్కువైతే మూత్రంలో పోతది లేరా" అంది మా అత్త. ఆరెంపీ చెప్పాడట. ఈ ఒక్క వాక్యం మీద తెలుగునాట ఎన్ని మందుల షాపులు మేడలు కట్టాయో లెక్క తీస్తే ప్రణాళికా సంఘానికి మళ్ళీ ప్రాణం పోయొచ్చు. బీ2 ఎక్కువైతే మూత్రం పచ్చగా వస్తుంది. ఆ రంగు చూసి 'మందు పని చేస్తోంది' అని మురిసిపోయే జనం చర్ల నుంచి చికాగో దాకా ఉన్నారు. పని చేస్తోంది నాయనా, మూత్రపిండం పని చేస్తోంది. నువ్వు కొన్న మందును నీ డబ్బుతోనే దొడ్లోకి చేరవేస్తోంది.

అన్నీ అలా మర్యాదగా పోతే ఈ వ్యాసం రాయక్కర్లేదు. బీ6 అంత మర్యాదగా పోదు. మోతాదు మించి నెలల తరబడి వేసుకుంటే స్పర్శ తెచ్చే నరాలను పట్టుకుని పీడిస్తుంది. 1983లోనే ఏడుగురి కథ అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. రోజుకు రెండు నుంచి ఆరు గ్రాములు మింగినవాళ్ళు. పాదాలు మొద్దుబారి, చీకట్లో నడవలేక, కాలు ఎక్కడ పడుతోందో తెలియక తూలిపోయారు. ఆ తర్వాత అంతకంటే చాలా తక్కువ మోతాదులోనూ కేసులు బయటపడ్డాయి. అమెరికా రోజుకు వంద మిల్లీగ్రాములు దాటొద్దని గీత గీసింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ తన గీత ఇరవై ఐదు దగ్గర ఉంటే, 2023లో దాన్ని పన్నెండుకు దించింది. మా అత్త లెక్క కట్టాను: వందా, పదీ, మూడు. రోజుకు నూట పదమూడు. సూది రోజున ఇంకో వంద కలుపుకోండి. అమెరికా గీతా దాటింది, ఐరోపా గీతను తొమ్మిది రెట్లు దాటింది. సరిహద్దులు దాటడంలో మా అత్తకు ముందునుంచీ అనుభవం ఉందని చెప్పాను కదా.

ఇందులో దేవుడు చేసిన పరిహాసం ఏమిటంటే బీ6 తక్కువైనా తిమ్మిర్లే, ఎక్కువైనా తిమ్మిర్లే. తిమ్మిరి అనగానే సూది. సూదికి తిమ్మిరి పెరుగుతుంది. పెరిగిన తిమ్మిరికి ఇంకో సూది. నిప్పు ఆరడం లేదని నూనె పోసేవాడిని పిచ్చివాడంటాం. ఆ నూనెకు ఎర్ర రంగు కలిపి సిరంజిలోకి ఎక్కించినవాడిని 'హస్తవాసి మంచిది' అంటాం. క్షయకు ఐసోనియాజిడ్ వాడే రోగికి బీ6 తప్పనిసరిగా తోడివ్వాలి, ఆ మందు బీ6ను హరిస్తుంది గనక. అది చిన్న కొలతలో, కారణం తెలిసి ఇచ్చేది. ఏజెన్సీలో ఆ చిన్న గోలీ అవసరమైన క్షయ రోగి దాన్ని మర్చిపోతాడు. అవసరం లేని మా అత్త అతని వాటా కూడా మింగుతుంది.

'బలం' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. సారపాక వంతెన దాటి ఇటువచ్చాక గూడేల్లో, ఊళ్ళలో ఆరెంపీ తలుపు తట్టేవాడు జబ్బు పేరు చెప్పడు, 'బలం లేదు డాక్టరుగారూ' అంటాడు. పొద్దున్నే తునికాకుకు అడవిలోకి పోయి, యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టి, ఎండలో కల్లానికి మోసుకొచ్చిన మనిషికి బలం లేకపోవడం జబ్బు కాదు, లెక్క. తిన్నది తక్కువ, చేసింది ఎక్కువ. కానీ ఆ లెక్కకు మందు అంగట్లో దొరకదు, సెలైను దొరుకుతుంది. అర లీటరు గ్లూకోజు సెలైనులో ఉండే చక్కెర ఇరవై ఐదు గ్రాములు. మీ ఇంటికొచ్చిన చుట్టానికి టీలో ఐదారు చెంచాల చక్కెర వేసి వందల రూపాయలు అడగండి, చెప్పుతో కొడతాడు. దాన్నే సీసాలో పోసి, కొంచెం విటమిను కలిపి పసుపు రంగు తెప్పించి, గోడకు మేకు కొట్టి వేలాడదీయండి, నమస్కారం పెట్టి వెళ్తాడు.

నమస్కారంతో పోయినా బాగుండు. ఇప్పపూల కాలంలో వారాల తరబడి సారా మీదే బతికి, అన్నం ముట్టని మనిషి ఒంట్లో బీ1 ఆవిరైపోయి ఉంటుంది. చక్కెరను మండించాలంటే ఒంటికి బీ1 కావాలి. అది లేని పొయ్యిలోకి గ్లూకోజు కుమ్మరిస్తే ఉన్న కాస్తా హరించుకుపోయి, కళ్ళు తేలిపోయి, నడక తూలి, మతి చెదిరే ప్రమాదం ఉంది. దాన్ని వెర్నికే జబ్బంటారు. తాగుబోతుకు గ్లూకోజు ఎక్కించే ముందు బీ1 ఇవ్వాలన్నది వైద్య విద్యార్థికి నేర్పే పాఠం. మన దగ్గర బీ1 అవసరం లేని చోట వంద, అవసరమైన చోట సున్నా. తూలుతుంటే 'ఇంకా దిగలేదు' అంటారు.

ఇక సర్కారు వారి వైపు చూద్దాం. వాళ్ళ మీద దండెత్తకపోతే వ్యంగ్యం రాసినట్టే ఉండదు.

బెరిబెరి అనే జబ్బు ఉండేది. మర పట్టిన తెల్లబియ్యం తిని, బీ1 లేక కాళ్ళు వాచి, గుండె ఆగి చచ్చిపోయే జబ్బు. మన దేశంలో దానికి పెట్టింది పేరు ఉత్తర సర్కారులు, అంటే మన తెలుగు కోస్తా జిల్లాలే. ఆ జబ్బును పరిశోధించడానికే 1918లో కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ ఒక గదిలో చిన్న ప్రయోగశాల పెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఇప్పుడూ ఉంది. తెల్లబియ్యం చేసిన పాపాన్ని లెక్కగట్టడానికి పుట్టిన సంస్థ మన రాజధానిలోనే ఉండగా, తెల్లబియ్యం మీద మన మమకారం గింజంత కూడా తగ్గలేదు. ఇన్నేళ్ళు పక్కనే కూర్చుని చదివినా పాఠం ఎక్కని విద్యార్థిని మాస్టారు ఏమంటాడు?

వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి మర ఆడిస్తే పైపొరలోని బీ1 కొంత గింజ లోపలికి ఇంకుతుంది. పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. అదే ఉప్పుడు బియ్యం. తమిళులు, మలయాళీలు తింటారు. తెలంగాణ యాసంగి వడ్లను ఎండకు నూక కాకుండా ఉప్పుడు బియ్యం చేసి, తాను మాత్రం ముట్టకుండా, కేంద్రానికి అమ్ముతుంది. కేంద్రం 'మాకొద్దు' అంది. 2022 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రే ఢిల్లీ వెళ్ళి దీక్షకు కూర్చున్నారు. వడ్లు కొనాలా వద్దా, ఎవరు కొనాలి, ఎంతకు కొనాలి అని నెలల తరబడి రాష్ట్రమంతా దద్దరిల్లింది. ఆ కొట్లాటలో ఉన్న రెండు పక్షాల్లో ఒక్కరైనా 'ఇందులో బీ1 ఉంది, మనమే తిందామా' అన్నట్టు నాకు గుర్తు లేదు. దొరికిన నిధిని ఎవరి నెత్తిన రుద్దాలా అని పోట్లాడుకున్న అన్నదమ్ముల కథ ఇది.

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం మొదలైంది. మనిషికి ఆరు కిలోలు. దొడ్డుబియ్యం పేదోడికి, సన్నబియ్యం పెద్దోడికి అన్న లెక్క చెరిగితే సంతోషమే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. సన్నమో దొడ్డో, మా అత్త చేతిలో పడ్డాక గంజి మాత్రం గేదెకే.

కేంద్రం వారు ఇంకో దారి తొక్కారు. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధానమంత్రి ప్రకటించారు, 2024 నాటికి పథకాల బియ్యమంతా బలవర్ధకం చేస్తామని. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి, మళ్ళీ గింజలా అచ్చు పోసి, వంద గింజలకు ఒకటి చొప్పున కలపడం మొదలుపెట్టారు. భద్రాచలం వాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. ఏటా శ్రీరామనవమికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు వస్తాయి, బియ్యంలో ముత్యం కలవడం మాకు తానీషా కాలం నాటి ఆచారం. కాకపోతే తలంబ్రాల్లో ముత్యాన్ని ఏరుకుని కళ్ళకద్దుకుంటారు, రేషన్ బియ్యంలో ముత్యాన్ని ఏరి 'ప్లాస్టిక్ బియ్యం' అని పారేస్తారు. కడిగేటప్పుడు ఆ గింజలు నీళ్ళ మీద తేలుతాయి మరి. ఎవరూ చెప్పకుండా వచ్చిన చుట్టం నెత్తిమీద తేలుతుంటే అనుమానించరా? డీలరు చెప్పడు, బస్తా మీద ఉన్నది చదవడానికి కోయలో లేదు. ఏరేసిన గింజలు ఎక్కడికి పోతాయో మీకు చెప్పక్కర్లేదు. కుడితి తొట్టి ఉంది కదా.

ఇందులో రసవత్తరమైన సంగతి ఇంకోటుంది. నిబంధనల ప్రకారం ఆ గింజలో తప్పనిసరిగా ఉండవలసినవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12. మరలో పోగొట్టుకున్న బీ1? అది ఐచ్ఛికం. వేస్తే వేయొచ్చు, లేకపోతే లేదు. జేబు కత్తిరించినవాడు దయతలచి టోపీ కొనిపెట్టాడన్నమాట.

కిలో బియ్యంలో బీ12 ఒక మైక్రోగ్రాముకు కాస్త అటూ ఇటూ ఉండాలి. మనిషికి నెలకు ఆరు కిలోలంటే ఆరు మైక్రోగ్రాములు. ఆరెంపీ పొడిచే ఒక్క సూదిలో వెయ్యి. భాగించి చూడండి, ఒక సూది నూట అరవై ఆరు నెలల రేషను. దాదాపు పధ్నాలుగేళ్ళు. రాముడి వనవాసమంత! ఆయన అయోధ్యకు తిరిగి వెళ్ళేదాకా కూచుని తినాల్సిన బియ్యంలోని బీ12ను ఒక మధ్యాహ్నం భుజంలోకి దించి, అందులో చాలా భాగాన్ని ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో వదిలేస్తున్నాం. ఒక చేత్తో చెంచాడు, ఇంకో చేత్తో చెరువు. మధ్యలో గ్లాసు అనేది ఒకటుంటుందని సర్కారుకూ తట్టలేదు, సంతకూ తట్టలేదు. నిజానికి ఆ గ్లాసు అంగన్‌వాడీలో ఉంది. ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణికి పెట్టే గుడ్డూ, పాలూ. బీ12 గుడ్డులో ఉంటుంది, పాలలో ఉంటుంది, గోదావరి చేపలో ఉంటుంది. ఆకుల్లో ఉండదు. ఆకుల్లో ఉండేది ఫోలేట్. అసలు ఆ పేరే లాటిన్‌లో ఆకు అన్న మాట నుంచి వచ్చింది, 1941లో పాలకూర ఆకుల నుంచి తీశారు గనక. చుట్టూ చింతచిగురు, గోంగూర, తోటకూర పెట్టుకుని, తునికాకు అమ్మిన డబ్బుతో ఆకు గోలీలు కొనుక్కునే దేశం మాది.

ఆ ఆకు గోలీ దగ్గరే అసలు నాటకం ఉంది.

ఇదే గోదావరి కిందికి పారి డెల్టా అయ్యే చోట, భీమవరంలో 1895లో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన అన్నదమ్ములను తీసుకుపోయింది, ఆయననూ పట్టి వదిలింది. 1920ల మొదట్లో అమెరికా వెళ్ళాడు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూకు అదే మందు. మన వాళ్ళు ఇంతవరకు గర్వంగా చెప్పుకుని చప్పట్లు కొట్టి కూర్చుంటారు. తర్వాతి అంకం చూడరు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ సంబంధిత మందులిస్తే జబ్బు తగ్గకపోగా ఉరకలేసింది. అప్పుడు సుబ్బారావు బృందమే ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు తిరిగే మందులు చేసి ఇచ్చింది. వాటితో ఆ పిల్లల్లో జబ్బు వెనక్కి తగ్గింది, కొంతకాలమే అయినా. ఆ వంశంలోదే ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్. తాళమూ ఆయనే చేశాడు, తాళంచెవీ ఆయనే చేశాడు. ఆయన పోయి దాదాపు ఎనభై ఏళ్ళయినా మనకు తాళంచెవి ఒక్కటే గుర్తు. కనిపించిన ప్రతి కన్నంలోనూ తిప్పుతున్నాం.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి కూడా తేలింది. బీ12 లేక రక్తం చెడిన రోగికి ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా ఇస్తే రక్తం బాగుపడుతుంది, ముఖం కళకళలాడుతుంది. నరాలు మాత్రం లోపల్లోపల కుళ్ళిపోతూనే ఉంటాయి. రక్తహీనత అనేది ఇంటి ముందు మొరిగే కుక్క. ఫోలిక్ యాసిడ్ ఆ కుక్కకు బిస్కెట్లు వేసి నోరు మూయిస్తుంది. దొంగ వెనక తలుపులోంచి వచ్చి వెన్నుపాము తంతులు ఒక్కొక్కటే ఊడబెరుక్కుంటాడు. రోజుకు ఒక మిల్లీగ్రాము దాటొద్దని 1998లో అమెరికన్లు గీత గీసింది ఇందుకే. మా అత్త డబ్బాలోది ఐదు. బీ12ను మన కాలేయం ఏళ్ళకు సరిపడా దాచుకుంటుంది. తిండిలో ఆగిపోయిన నాడే తెలియదు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న శిస్తు డబ్బుతో గుడి కట్టేస్తుంటే గోల్కొండ ఖజానాకు వెంటనే తెలిసిందా? లెక్కలు అడిగిన రోజున తెలిసింది. ఆయన్ను పన్నెండేళ్ళు చెరలో పెట్టారని కథ. బీ12కు కూడా పన్నెండే రావడం కేవలం యాదృచ్ఛికం, దాని మీద ఎవరూ పరిశోధన మొదలుపెట్టొద్దు. ఒక్క తేడా ఉంది. గోపన్న బాకీ తీర్చడానికి రామలక్ష్మణులు వచ్చారు. నరాల బాకీకి ఎవరూ రారు.

మా అత్త విషయంలో మెట్‌ఫార్మిన్ కూడా సాక్షి బోనులో నిలబడాల్సిందే. ఏళ్ళ తరబడి వాడితే పేగుల్లో బీ12 ఒంటపట్టడాన్ని అది తగ్గిస్తుంది. అప్పుడొచ్చే తిమ్మిరిని 'షుగరు తిమ్మిరి' అని కొట్టిపారేస్తారు. ఒక్క కాలి తిమ్మిరికి ముగ్గురు ముద్దాయిలు: షుగరు, బీ12 లేమి, బీ6 అతి. పోలీసులు ముగ్గురినీ వదిలేసి ఫిర్యాదు చేసినావిడకే ఇంకో గోలీ ఇస్తున్నారు.

అడవి వైపు పోతే ఫోలిక్ యాసిడ్ ఇంకా పెద్ద దానకర్ణుడు. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వైపు మలేరియా అంటే ఏమిటో గూడెంలో పసిపిల్లకూ తెలుసు. ఫాల్సిపారం రకానికి మన దగ్గర ఇచ్చే మందుల జత ఆర్టిసునేట్, దాంతోపాటు సల్ఫడాక్సిన్–పైరిమెథమిన్. ఈ రెండోది చేసే పని మలేరియా క్రిమి వంటింటికి తాళం వేయడం. ఆ క్రిమి తనకు కావలసిన ఫోలేట్‌ను తానే వండుకుంటుంది. వంట ఆగితే చస్తుంది. సరిగ్గా ఆ సమయంలో జ్వరంతో నీరసించిన మనిషి ఆరెంపీ దగ్గరికి పోతాడు. 'రక్తం తగ్గింది' అని ఆయన ఐదు మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తాడు. వంటింటికి తాళం పడి ఆకలితో మాడుతున్న క్రిమికి బయటి నుంచి క్యారేజీ భోజనం! మలేరియా రాకుండా ఈ మందు వేసుకునే గర్భిణులకు ఐదు మిల్లీగ్రాములు, ఆపైన ఫోలిక్ యాసిడ్ తోడివ్వొద్దని, ఇస్తే మందు పని చెడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది. ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము గోలీలో ఉండేది అర మిల్లీగ్రామే, అంటే పదో వంతు. ఉచితంగా ఇచ్చేది సరైన కొలత, డబ్బిచ్చి కొనేది పదింతలు. ఉచితమైనది పనిచెయ్యదన్న నమ్మకంతో మా వాళ్ళు మొదటిదాన్ని చూరులో దోపి, రెండోదాన్ని మింగుతారు.

ఇక్కడొక మాట సూటిగా చెప్పాలి, వెక్కిరింత పక్కన పెట్టి. కోయగూడేల్లో సికిల్‌సెల్ పిల్లలున్నారు, వాళ్ళకు డాక్టరు రాసేది ఫోలిక్ యాసిడే. మొదటి కాన్పులో బిడ్డ వెన్ను లోపంతో పుట్టిన తల్లికి ఐదు మిల్లీగ్రాములే రాస్తారు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళకూ రాస్తారు. బీ12 తగ్గిన శాకాహారులకు, పెద్దవాళ్ళకు ఆ సూది ప్రాణం పోస్తుంది. ఇది చదివి వాళ్ళెవరైనా మందు మానేస్తే ఆ పాపం నాది కాదు, చదవడం రానివాళ్ళది. నేను తిడుతున్నది మందును కాదు, పేరు అడగకుండా అందరి నోట్లోనూ పోసేవాడిని.

ఖమ్మంలో నా స్నేహితుడి కూతురు జుట్టు కోసం బయోటిన్ అనే ఇంకో బీ విటమిను గోలీలు వేసుకుంటోంది. ఒంటికి కావలసింది ముప్పై నలభై మైక్రోగ్రాములైతే గోలీలో పదివేలు. జుట్టు సంగతి దేవుడెరుగు, రక్తపరీక్షలు తప్పుడు లెక్కలు చెప్పాయి. థైరాయిడు లేనిది ఉన్నట్టు చూపించగలదు. గుండెపోటు ఉన్నది లేనట్టు కూడా చూపించగలదని అమెరికా మందుల సంస్థ 2017లోనే హెచ్చరించింది. ఆ అమ్మాయికి థైరాయిడు మందు కూడా మొదలుపెట్టబోయారు. దాని గురించి ఇంకోసారి.

చివరికి మా అత్తను డబ్బాతో సహా ఒక ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గోలీలన్నీ బల్ల మీద పోసి, ఒక్కొక్క అట్టా తిప్పి చదివి, కాసేపు తల పట్టుకున్నాడు.

"బీ12 పరీక్ష రాయండి సార్" అన్నాను, విషయం తెలిసినవాడిలా.

"ఇప్పుడు చేస్తే ఒంట్లో బీ12 కాదండీ తెలిసేది, డబ్బాలో బీ12. ముందే చేయాల్సింది" అన్నాడు. షుగరు మందు ఉంచాడు. బీ6 ఉన్నవన్నీ, ఫోలిక్ యాసిడ్, అమెరికా సీసా ఆపేయమన్నాడు. "అమ్మా, ఆపాక కొన్ని వారాలు తిమ్మిరి పెరిగినట్టు కూడా అనిపించొచ్చు. భయపడి మళ్ళీ వేసుకోకండి. నరం మెల్లగా కోలుకుంటుంది. గుడ్డు తినండి, పాలు తాగండి. గంజి వార్చకుండా వండుకోండి" అన్నాడు.

"అన్నం ముద్దగా ఐతది గదయ్యా" అంది మా అత్త. ఆయన రాసిన చీటీ మొత్తంలో ఆవిడకు అభ్యంతరం అనిపించింది అదొక్కటే.

నెల తర్వాత ఫోన్ చేశాను.

"గోలీలు ఆపావా అత్తా?"

"ఆపినరా."

"మరి ఆ అమెరికా సీసా?"

కాసేపు చప్పుడు లేదు.

"మీ బావ అంత డబ్బు పోసి పంపిండు. పారెయ్యడానికి మనసు రాలేదు. మొన్న సగం సీసా నూరి కుడితిలో కలిపినా."

"గేదె తాగిందా?"

"యాడ తాగుద్ది! వాసన చూసి మూతి తిప్పుకుంది. బకెట్టు మొత్తం పారబోసిన. మంచి గంజిరా, ఉత్తపుణ్యానికి పాడైంది."